కాన్‌బెర్రాలో లక్ష పువ్వులు

మా ఆవిడ శేషుకుమారి జువాలజీ లెక్చరర్. తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో ఆవిడ క్లాసులోకి అడుగుపెడితే సీసాల్లో ఉన్న కప్పలు కూడా సర్దుకుని కూర్చునేవని చెప్పుకునేవారు. అలాంటి మనిషిని నేను తీసుకొచ్చి సిడ్నీలో, పెండిల్ హిల్ స్టేషను పక్కన రెండు గదుల ఇంట్లో పెట్టాను. ఇక్కడ ఆవిడ గదిలోకి రాగానే లేచి నిలబడేది నేనొక్కణ్ణే. మా అమ్మాయి అక్షర అదీ చెయ్యదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆస్ట్రేలియా నన్ను పిలిచింది నా ప్రతిభ చూసి కాదు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాపానికి ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ వై టూ కే తెగులు పట్టింది. రెండువేల సంవత్సరం రాగానే అవి పంతొమ్మిది వందల సంవత్సరంలో ఉన్నామనుకుంటాయని దేశదేశాలూ గడగడలాడిపోతున్నాయి. మన పంచాంగంలో అరవై ఏళ్ళకోసారి అవే పేర్లు తిరిగొస్తాయి, ప్రమాది వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పటికో ప్రమాదే వస్తుంది, దానికోసం ఏ తాతగారూ ప్రోగ్రామరుని పిలవలేదు. వీళ్ళు పిలిచారు. నేను వచ్చి ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో తప్పులు ఏరుతున్నాను, బియ్యంలో రాళ్ళేరినట్టు.

ఇంతలో నా సంసారంలోనే ఒక రాయి తగిలింది.

ఆగస్టులో ఒకరోజు శేషు ఉప్మా వడ్డిస్తూ, "కార్తీకంలో నేను ఇండియా వెళ్తానండీ" అంది.

"ఇప్పుడెందుకు?"

"కాలేజీలో నా లీవు డిసెంబరుతో అయిపోతుంది. ఆ సంగతేదో తేల్చుకోవాలి. దుర్గమ్మకి ఒక మొక్కు కూడా ఉంది. లక్ష పువ్వులతో పూజ."

"ఏం కోరుకున్నావేంటి?"

"తీరేదాకా చెప్పకూడదు."

"ఎప్పుడు తిరిగొస్తావు?"

"ఉప్మాలో ఉప్పు సరిపోయిందా?" అంది.

అదీ సమాధానం. ఇరవై నిమిషాల పాటు నమిలినా ఆ ముద్ద నాకు దిగలేదు. వెళ్తే ఇది తిరిగి రాదు. అక్కడ లేచి నిలబడే పిల్లలున్నారు, కన్నతల్లి ఉంది, పేరుంది. ఇక్కడేముంది? రైళ్ళు చూడటం, నా కోసం ఎదురుచూడటం. శేషు లేని ఇంట్లోకి తాళం తీసుకుని వెళ్ళడం నేను తలుచుకోలేను. పోనీ, "వెళ్ళకు" అని అడగొచ్చుగా అంటారు మీరు. అడిగితే "ఉండను" అంటే? అడగకపోతే ఆ మాట వినక్కర్లేదుగా.

పక్కపేట గిరావీన్‌లో ఉండే కేశవరావు దగ్గరికి పరిగెత్తాను. అతనూ నాలాగే రెండంకెల బాపతే. సలహా ఇవ్వందే అతనికి టీ అరగదు.

"పెద్ద సమస్యని ముక్కలు చెయ్యాలి గురూ" అన్నాడు. "లీవు సంగతి నీ చేతుల్లో లేదు, వదిలెయ్. మొక్కు నీ చేతుల్లో ఉంది. అదిక్కడే తీర్పించేశావనుకో, ఆవిడకి వెళ్ళడానికి సగం కారణం పోతుంది. మిగతా సగానికి టికెట్టు కొనబుద్ధి కాదు."

"లక్ష పువ్వులు సిడ్నీలో ఎక్కడ తెచ్చేది? పూలకొట్టువాడు బొకే అని కాగితంలో నాలుగు చుట్టి ఇస్తాడు."

కేశవరావు గోడమీద క్యాలెండరు చూపించాడు. సెప్టెంబరు పేజీలో గులాబీ రంగు మబ్బు ఒకటి నేలమీదికి దిగినట్టుంది. "కాన్‌బెర్రా. చెర్రీ పూలు. ఒక్క చెట్టు కింద నిలబడితే నీ లక్ష నీ నెత్తినే పడుతుంది."

ఆ సాయంత్రం నేను గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను.

"శేషూ, వచ్చే నెలాఖరు శనివారం మనం కాన్‌బెర్రా వెళ్తున్నాం, పూలు చూడ్డానికి. వసంతం కదా."

"భాద్రపదంలో వసంతమేమిటండీ?"

"ఈ దేశంలో అంతే. చూడు, అమ్మవారికి లక్ష పువ్వులు అక్కడే దొరుకుతాయి. చక్కగా కింద రాలినవి ఏరుకుందాం, మొక్కు తీర్చేసుకుందాం."

శేషు చేతిలో గరిట ఆగింది. నావైపు కాసేపు చూసింది. క్లాసులో కప్పని చూసే చూపు అది.

"కింద పడ్డ పువ్వులు పూజకి పనికిరావు."

"పారిజాతాలు ఏరరూ?"

"ఆ మినహాయింపు పారిజాతాలకే."

"చెర్రీకి కూడా ఇవ్వమందాం."

"ఎవర్ని?"

నా దగ్గర పేరు లేదు. "పోనీ కొయ్యనా?"

"ఊరివాళ్ళ చెట్టు కోస్తే మిమ్మల్ని పోలీసులు తీసుకెళ్తారు. అప్పుడు నేను ఇండియా ఒక్కదాన్నే వెళ్ళాల్సొస్తుంది" అంది. కోత ఆలోచన అక్కడే వదిలేశాను.

చివరికి ఆవిడే దారి చెప్పింది. నేల తాకకముందే బట్టలో పడితే దోషం లేదు. మర్నాడే నేను పెద్ద మంచానికి సరిపడే తెల్ల దుప్పటి తెచ్చాను.

"దుప్పటా? దేవుడి పువ్వులు పక్కబట్ట మీద పడతాయా?"

"దీనిమీద ఇంకా ఎవరూ పడుకోలేదే."

"పడుకోవడానికే పుట్టింది కదా అది. కొత్త చీర కావాలి. కట్టనిది."

పెండిల్ హిల్‌లో చీరల కొట్టుకి వెళ్ళాం. ఒక చీర తీసింది. బాగుందన్నాను. "లక్ష పువ్వులు ఒక్కదాంట్లో పడతాయాండీ?" అంది. నిజమేననిపించింది. మూడు తీసుకుంది. ఇంటికొచ్చే దారిలో ఆవిడ నడక చూస్తే అంత దిగులుగా ఉన్న మనిషిలా లేదు. నా పథకం పనిచేస్తోందని సంబరపడ్డాను.

శనివారం తెల్లవారగానే బయల్దేరాం. అక్షర వెనక సీట్లో, పులిహోర గిన్నె అక్షర పక్క సీట్లో, బెల్టు పెట్టుకుని. దారి పొడుగునా పచ్చిక, గొర్రెలు, మళ్ళీ పచ్చిక. గోల్‌బర్న్‌లో ఇళ్ళకన్నా ఎత్తైన సిమెంటు గొర్రె ఒకటి రోడ్డు పక్కన నిలబడి ఉంది. శేషు కారాపించి దిగి, దాన్ని ముందునుంచీ వెనకనుంచీ చూసింది.

"కొమ్ముల మెలిక సరిగ్గా వేశారు" అని మార్కులిచ్చింది.

కాన్‌బెర్రాలో దిగేసరికి ఊపిరి తీస్తే పొగలొస్తోంది. రోడ్లు విశాలంగా, శుభ్రంగా ఉన్నాయి, మనుషులే లేరు. "అందరూ ఊరెళ్ళారాండీ?" అంది శేషు. రాజధాని అంటే ఢిల్లీయే తెలిసిన మాకు, ట్రాఫిక్కు లేని రాజధానిని చూస్తే భయమేసింది. సరస్సు పక్కన కారు ఆపి, గట్టు దిగి మలుపు తిరిగాం.

మిత్రులారా, నేను మాటల మనిషిని. భోజనానికి పిలిస్తే ఉప్పు తక్కువైందని కూడా ఒక కథగా చెప్తాను. ఆ మలుపు తిరిగాక నాకు మాట రాలేదు. వరసగా చెట్లు. ఒక్క ఆకు లేదు. కొమ్మ కనబడదు. ఒంటినిండా పువ్వే. తెలుపంటే తెలుపు కాదు, గులాబీ అంటే గులాబీ కాదు. వెనక నీలంగా ఆకాశం, కింద నిశ్చలంగా నీళ్ళు, ఆ నీళ్ళలో మళ్ళీ అదే వరస తలకిందులుగా. క్యాలెండరు చూసి నేను ఎంతో ఊహించుకున్నాను. ఆ ఊహ తలుచుకుంటే సిగ్గేసింది.

శేషు నా చెయ్యి పట్టుకుంది. ఆస్ట్రేలియా వచ్చాక బయట చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఏమండీ, ఇవి నిజమైనవేనా?" అంది మెల్లిగా.

"వావ్" అంది అక్షర. టీవీ ముందు తప్ప ఆ పిల్ల అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి నాకు నా పని గుర్తొచ్చింది. అన్నిట్లోకీ పెద్ద చెట్టు చూసుకుని దాని కింద మూడు చీరలూ పరిచాను, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు, ఒకటి వంకాయరంగు. చెట్టు మొదట్లో చిన్న దుర్గమ్మ బొమ్మ పెట్టాను. పక్కన పులిహోర పెట్టాను. చీరల అంచున బాసింపట్టు వేసుకుని కూర్చుని పైకి చూశాను.

పువ్వు రాల్లేదు.

ఇంకాసేపు చూశాను. ఒక్కటంటే ఒక్కటి రాల్లేదు. గాలి లేదు. కేశవరావు పువ్వు బాగా విచ్చుకున్న వారం ఎంచి చెప్పాడు. బాగా విచ్చుకున్న పువ్వు కొమ్మని వదలదని నాకూ తట్టలేదు, అతనికీ తట్టలేదు. ఇద్దరం కంప్యూటరువాళ్ళం.

"ఈలోగా సంకల్పం చెప్పుకోండి" అంది శేషు, శాలువా చుట్టుకుంటూ.

నేను గొంతు సవరించుకున్నాను. "శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే... ప్రమాది నామ సంవత్సరే... దక్షిణాయనే..." అక్కడ ఆగిపోయాను.

"ఏమైంది?"

"ఏ ఋతువు చెప్పను? పంచాంగంలో వర్ష ఋతువు. నెత్తిమీద వసంతం."

"అమ్మవారిని అయోమయంలో పెట్టకండి. చూసింది చెప్పండి."

"వసంత ఋతౌ" అన్నాను. భాద్రపద మాసంలో వసంత ఋతువని చెప్పిన మొదటి తెనాలివాణ్ణి నేనే అయ్యుంటాను.

సంకల్పం అయిపోయింది, పువ్వు మాత్రం రాల్లేదు. నేను లేచాను. ఇక్కడ శనివారం పేపరు మన ధాన్యం బస్తా అంత ఉంటుంది. అందులోంచి ఇళ్ళ ప్రకటనలన్నీ తీసి దొంతర చేసి, చెట్టుకి విసరడం మొదలుపెట్టాను. అల్లుడికి అత్తగారు విసిరినట్టు, భక్తిగా, ఆగకుండా. చెట్టు చలించలేదు.

"నాన్నా, స్టాప్ ఇట్. పీపుల్ ఆర్ లుకింగ్" అంది అక్షర.

నిజంగానే కుక్కని తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగింది. "యూ రైట్, లవ్?" అంది, అంతా బాగానే ఉందా అన్నట్టు.

"వెయిటింగ్ ఫర్ ద విండ్" అన్నాను.

ఆవిడ చీరలు చూసింది, బొమ్మ చూసింది, పేపరు చూసింది, ఆకాశం చూసింది. "మైట్ గెట్ సమ్ దిస్ ఆర్వో" అని చెప్పి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి రావచ్చునట. ఈ దేశంలో నాకు నచ్చేది ఇదే. ఎంత పిచ్చిపని చేస్తున్నా సమయానికి సమాచారం ఇచ్చి వెళ్తారు.

మధ్యాహ్నానికి గాలి రాలేదు, బస్సు వచ్చింది. అందులోంచి జపాను నుంచి వచ్చిన పెద్దవాళ్ళు ఒక పాతికమంది దిగారు. అందరికీ టోపీలు, మెళ్ళో కెమెరాలు. చెట్లు చూసుకుంటూ వచ్చి మా దగ్గర ఆగిపోయారు. చెట్టు కింద బట్ట పరుచుకుని, తిండి పక్కన పెట్టుకుని, మాట్లాడకుండా పైకి చూస్తున్న కుటుంబం. వాళ్ళ మొహాలు విప్పారాయి. వాళ్ళూరిలో పూలు పూసినప్పుడు సరిగ్గా ఇలాగే కూర్చుంటారని తర్వాత తెలిసింది. సొంత ఊరివాళ్ళు కనబడ్డట్టు నడుము దాకా వంగి దణ్ణం పెట్టారు. మేమూ పెట్టాం. వాళ్ళు మళ్ళీ వంగారు. ఎవరు ముందు ఆపాలో తెలియక కాసేపు అలా జరిగింది.

తర్వాత ఒక్కొక్కరే బూట్లు విప్పి వరసగా పెట్టి, నా చీరల మీద కూర్చున్నారు.

"శేషూ, మన పువ్వులు పడాల్సిన చోటు" అన్నాను ఏడుపు గొంతుతో.

"బూట్లు విప్పారండీ, చూశారా" అంది శేషు, మురిసిపోతూ. "ఎంత పద్ధతి. పులిహోర తీయండి."

"నైవేద్యం కాకుండానా?"

"అమ్మవారు ఆగుతుంది. వాళ్ళు బస్సులో వచ్చారు."

శేషు వడ్డించింది. తెల్ల టోపీ పెట్టుకున్న ఒక బామ్మగారు పులిహోర నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత తన డబ్బాలోంచి ఆకులో చుట్టిన అన్నం ముద్ద ఒకటి తీసి రెండు చేతులతో శేషుకి ఇచ్చింది. "నో ఫిష్" అని చెప్పింది, అడక్కుండానే. శేషు విప్పి చూసింది. అన్నం ముద్ద మధ్యలో ఉప్పులో ఊరిన ఎర్రటి కాయ.

"ఏమండీ" అంది ఆ ముద్ద నాకు చూపిస్తూ, "వీళ్ళూ అన్నంలో ఊరగాయ పెట్టుకుంటారండీ."

ఆవిడ మొహంలో ఆ వెలుగు నేను తెనాలి వదిలాక చూడలేదు. పాతికమందీ ఆవిడ ఏం చెప్తుందా అని చూస్తున్నారు. ఆవిడ వాళ్ళకి తుమ్మెద పువ్వులోకి ఎలా దిగుతుందో చేతులతో చూపిస్తోంది. ఎవరికీ తెలుగు రాదు, అందరూ తలలూపుతున్నారు. క్లాసు నడుస్తోంది. ఇది కదా ఆవిడ వదులుకుని వచ్చింది. ఇది కావాలనే కదా వెళ్ళిపోతానంటోంది.

అప్పుడు గాలి వచ్చింది.

ముందు నీళ్ళలో చెట్లు చెదిరిపోయాయి. తర్వాత పైన కొమ్మలన్నీ ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నాయి. తెల్లటి రేకులు ఒకటి, పది, తర్వాత లెక్కలేదు. ఆకాశం కనబడలేదు. మా తలల మీద, భుజాల మీద, పులిహోర మీద, దుర్గమ్మ మీద, వరసగా పెట్టిన బూట్లలో, అంతటా పడ్డాయి. ఒక ముసలాయన అరచెయ్యి చాపి అలాగే ఉండిపోయాడు. అక్షర నోరు తెరిచి పైకి చూస్తోంది, నాలుక మీద రేకు పడింది. శేషు చేతులు జోడించి కూర్చుంది. జుట్టునిండా పువ్వులు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

నేను దేవుణ్ణి పండక్కి తప్ప పలకరించేవాణ్ణి కాదు. ఆ క్షణంలో నాకేమైందో తెలియదు. గుండె నిండిపోయింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏడుకొండలవాడా, శేషు నన్నొదిలి వెళ్ళకుండా ఉంటే చాలు స్వామీ. పిల్లనీ దాన్నీ తీసుకుని మెట్లెక్కి నీ కొండకొచ్చి గుండు చేయించుకుంటాను."

గట్టిగానే అన్నానట. జపానువాళ్ళంతా తలలు వంచారు.

"నాన్నా, హూ ఆర్ యూ టాకింగ్ టు?" అంది అక్షర.

గాలి ఆగిపోయింది. శేషు నావైపు తిరిగింది.

"నేను వదిలి వెళ్తానని ఎవరు చెప్పారండీ?"

"లీవు అయిపోతోందిగా. తిరిగి ఎప్పుడొస్తావంటే ఉప్పు సంగతి చెప్పావు."

"అందుకని మూడు చీరలు కొన్నారు. చెట్టుని బతిమాలారు, గాలిని బతిమాలారు, ఇప్పుడు వెంకన్నని బతిమాలారు. నన్ను తప్ప అందర్నీ అడిగారు."

నేను తల దించుకున్నాను. చీర మీద రేకులు తప్ప చూడ్డానికి నాకేమీ కనబడలేదు.

"నువ్వు ఉండనంటావేమోనని భయం, శేషూ. నువ్వు లేకపోతే నాకు ఇక్కడ ఏమీ లేదు. ఉండవే."

శేషు నా చొక్కా మీద రేకులు ఒక్కొక్కటే తీసింది.

"ఉంటాను" అంది. "ఇక్కడా పిల్లలున్నారు, ఇక్కడా కప్పలున్నాయి. నాలుగు చోట్ల అడిగితే ఎక్కడో ఓ క్లాసు దొరక్కపోదు."

నాకు లేచి గెంతాలనిపించింది. మొక్కు తీరింది, ఆవిడ ఉంటానంది. నా అంతటి మేధావి లేడనుకున్నాను.

"మరి దుర్గమ్మ లెక్క కూడా సరిపోయింది. లక్షకి పైనే పడుంటాయి" అన్నాను, చీరల వైపు దర్జాగా చెయ్యి చూపిస్తూ.

"కోరిక తీరకుండానే మొక్కు చెల్లించే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది శేషు.

"అదేమిటి?"

"తీరేదాకా చెప్పకూడదని ఆరోజే చెప్పానుగా. తీరలేదు కాబట్టే చెప్పలేదు. లక్షల లైన్లలో తప్పులు పడతారు, ఆ ఒక్కమాట పట్టుకోలేకపోయారు. మా ఆయన నోరు తెరిచి నన్ను ఉండమని అడిగితే లక్ష పువ్వులతో పూజ చేస్తానని మొక్కుకున్నాను. ఇదిగో, ఇప్పుడు అడిగారు. ఇప్పటినుంచి బాకీ."

నేను చెట్టు వైపు చూశాను. గాలి లేదు. ఒక్క రేకు కదలడం లేదు.

"మరి ఇంతసేపూ పడ్డవి?"

"అవి ముందు పడ్డవి. పైగా సగం జపానువాళ్ళ మీద పడ్డాయి. వాళ్ళని తీసుకెళ్ళి అమ్మవారి పాదాల దగ్గర పెట్టమంటారా?"

"మరి నువ్వు ఆరోజే చెప్పొచ్చుగా, పువ్వులు అక్కర్లేదని."

"చెప్తే మీరు ఇక్కడికి తీసుకొచ్చేవారా?" అంది.

బామ్మగారు బూట్లు తొడుక్కుంటూ, శేషు చేతిలో ఇంకో అన్నం ముద్ద పెట్టి వెళ్ళింది. పాతికమందీ వంగి దణ్ణం పెట్టారు, మేమూ పెట్టాం. శేషు చీరలు ఒక్కొక్కటే దులపకుండా, రేకులతో సహా మడత పెట్టింది. సంతోషంగా ఉంది. ఎప్పుడూ పాడని మనిషి ఏదో కూనిరాగం తీస్తోంది.

"జనవరిలో మీ కంప్యూటర్ల గోల అయిపోతుందిగా" అంది మడత సర్దుతూ. "ముందు బెజవాడ, తర్వాత తిరపతి. ముగ్గురం వెళ్ళి ముగ్గురం తిరిగొస్తాం."

ఆవిడ ఒక్కతే వెళ్ళకుండా ఆపాలని బయల్దేరినవాణ్ణి నేను. ఇప్పుడు ముగ్గురం వెళ్తున్నాం, అందులో ఒకరికి గుండు.